చేను చిన్నది, కథ పెద్దది: హార్వెస్టెల్లాలో సేద్యం ఎందుకు తేలిపోయింది

స్క్వేర్ ఎనిక్స్ కంపెనీ 2022 నవంబర్ 4న నింటెండో స్విచ్‌కూ కంప్యూటర్‌కూ విడుదల చేసిన రోల్ ప్లేయింగ్ గేమ్ హార్వెస్టెల్లాలో నిజానికి రెండు గేమ్‌లు ఉన్నాయి. ఒకటి, రుతువులు గతి తప్పుతున్న లోకంలో నడిచే పెద్ద కథ. రెండోది ఇంటి పక్కన చిన్న చేను, అందులో విత్తనాలు, నీళ్లు, కోత. మొదటిది ఆడుతుంటే తర్వాత ఏమవుతుందోనన్న టెన్షన్ వదలదు. రెండోది ఆడుతుంటే తొందరగా ముగించుకుని బయటపడదామనిపిస్తుంది. కథ బాగుంది, వ్యవసాయం తేలిపోయింది అని ఈ గేమ్ గురించి చాలామంది అన్న మాటలో అబద్ధమేమీ లేదు. ఎందుకు తేలిపోయిందన్నదే ఆలోచించాల్సిన విషయం. గ్రాఫిక్స్ వల్లో, పంటల రకాలు తక్కువవడం వల్లో కాదు. సేద్యంలో భయపెట్టేది ఏదైతే ఉందో దాన్ని గేమ్ చేనులోంచి తీసి కథలో పెట్టేసింది. చేనులో పని మాత్రమే మిగిలింది.

ఈ సంగతి తేల్చుకోవడానికి వరంగల్ చుట్టుపక్కల ఊళ్లు మంచి చోటు. పత్తి, మిర్చి, వరి మూడూ ఇక్కడ పండుతాయి. మూడింటి కష్టాలూ వేరు వేరు. హన్మకొండ హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ మీద గేమ్ ఆడే కుర్రాళ్లలో చాలామందికి నర్సంపేట వైపో, పరకాల వైపో, భూపాలపల్లి వైపో ఎంతో కొంత చేను ఉంటుంది. సొంతం కాకపోతే కౌలుకైనా. సెలవులకు ఊరెళ్తే పత్తి ఏరడమో, కల్లం దగ్గర కాపలానో తప్పదు. అలాంటివాళ్లకు గేమ్‌లోని చేనులో ఏది లేదో వెంటనే పట్టుబడుతుంది.

ముందు కథ సంగతి. గతమంతా మరిచిపోయిన ఒక మనిషి లీథీ అనే పల్లె దగ్గర కళ్లు తెరవడంతో గేమ్ మొదలవుతుంది. అప్పుడు క్వయీటస్ నడుస్తుంటుంది. ఒక రుతువు పోయి ఇంకో రుతువు వచ్చే సందులో పడే మృత్యుకాలం అది. గాలిలో విషపు ధూళి లేస్తుంది, పైరు మాడిపోతుంది, జనం తలుపులు బిగించుకుని ఇళ్లలో కూర్చుంటారు. అలాంటి రోజు బయట పడి కూడా బతికిన మనిషిని ఊరి డాక్టర్ క్రెస్ చేరదీస్తుంది. ఉండడానికి ఒక ఇల్లు, ఇంటిని ఆనుకుని ఒక చేను దొరుకుతాయి. ఆ లోకంలో సీస్‌లైట్లు అనే నాలుగు మహా స్ఫటికాలు ఉంటాయి. రుతువులను నడిపేవి అవే. వాటికి ఏదో తేడా చేసింది. అదేమిటో కనుక్కునే ప్రయాణంలోకి, తాను భవిష్యత్తు నుంచి వచ్చానని చెప్పే ఆరియా అనే శాస్త్రవేత్త వచ్చి చేరుతుంది. ఆ తర్వాతి మలుపులు ఇక్కడ విప్పేస్తే ఆడబోయేవాళ్లకు మిగిలేది చేనుకు నీళ్లు పెట్టడమే. కాబట్టి అక్కడితో ఆపేయడం మంచిది.

ఇందులో మెచ్చుకోవాల్సిన తెలివి ఒకటి ఉంది. వ్యవసాయ గేమ్‌లలో ఒక పాత రూలు ఉంది: రుతువు మారిన మర్నాడు ఆ రుతువు పంటలన్నీ చచ్చిపోతాయి. 1996లో జపాన్‌లో సూపర్ ఫామికామ్ అనే నింటెండో గేమ్ యంత్రం మీద వచ్చిన మొదటి హార్వెస్ట్ మూన్ ఈ తరహా గేమ్‌లకు దారి వేసింది. 2016లో ఎరిక్ బరోన్ ఒక్కడే చేసిన స్టార్‌డ్యూ వ్యాలీలోనూ ఇదే పద్ధతి. అక్కడ రుతువుకు 28 రోజులు. 28వ తేదీ రాత్రి దాకా కోయని పంట తెల్లారేసరికి ఎండిపోయి ఉంటుంది. ఎందుకు అని అడిగితే జవాబు లేదు, గేమ్ అంతే. హార్వెస్టెల్లా ఆ జవాబు లేని రూలునే పట్టుకుని కథకు వెన్నెముక చేసింది. ఇక్కడ రుతువుకు 30 రోజులు. ఆ తర్వాత క్వయీటస్. పంట ఎందుకు చస్తుంది, రుతువు ఎవరి చేతిలో ఉంది, ఇది మొదటి నుంచీ ఇలాగే ఉందా అన్న ప్రశ్నలే కథను ముందుకు లాగుతాయి. వ్యవసాయ గేమ్‌ల నుంచి పుట్టిన కథా వస్తువుల్లో ఇంతకంటే మంచిది గుర్తుకు రాదు.

అంత మంచి ఆలోచన చేనులోకి దిగేసరికి ఏమైంది? స్క్రీన్ మూల తేదీ కనిపిస్తూనే ఉంటుంది. ఏ పంట ఎన్ని రోజులకు కోతకొస్తుందో ముందే తెలుసు. 30వ తేదీలోపు చేతికి రాని విత్తనం వేయకుండా ఉంటే చాలు, క్వయీటస్ ఆటగాడి వెంట్రుక కూడా కదిలించలేదు. ఊరంతా గజగజ వణికే రోజు ఆటగాడికి పనిలేని రోజు. కథలోని మనుషులు దాని గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆడేవాడు మాత్రం దాన్ని నెలాఖరు తేదీలా చూస్తాడు. గేమ్‌లో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే. మిగతావన్నీ దీని పిల్లలు.

తేదీ ముందే తెలిసిన ఆపదతో వరంగల్ రైతుకు పెద్ద పేచీ ఉండదు. తెలియనిదే ముంచుతుంది. తొలకరి పడింది కదా అని జూన్‌లో పత్తి గింజలు పెడతారు. ఆ తర్వాత పదిహేను రోజులు వాన మొహం చాటేస్తే మొలక రాదు. మళ్లీ ప్యాకెట్లు కొనాలి, మళ్లీ కూలీలను పిలవాలి. ఆగి వేస్తే పంట వెనకబడుతుంది, చివర్లో గులాబీ పురుగుకు దొరుకుతుంది. మిర్చిది ఇంకో గోస. 2021లో నల్ల తామర పురుగు వరంగల్, ములుగు, మహబూబాబాద్, ఖమ్మం వైపు తోటల మీద పడితే, పూతలో దూరిన పురుగును చూస్తూ కొట్టిన మందే మళ్లీ మళ్లీ కొట్టి, చివరకు తోటలు పీకేసినవాళ్లు ఎందరో. మిర్చి నాటే ముందు నారుకు, మల్చింగ్‌కు, డ్రిప్‌కు పెట్టుబడి పెడతారు. అది తిరిగొస్తుందో లేదో తేలేది జనవరి దాటాక.

పంట చేతికొచ్చాకైనా కథ అయిపోతుందా అంటే అదీ లేదు. వడ్లు కల్లంలో పోసి తేమ 17 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి, అప్పుడే కొనుగోలు కేంద్రంలో కాంటా వేస్తారు. ఈలోగా మబ్బు పడితే టార్పాలిన్ల కోసం ఉరుకులు. పత్తికి 8 శాతం తేమ ఉంటేనే పూర్తి మద్దతు ధర, 12 దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ తీసుకోదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చికి పొద్దున జెండా పాట, అంటే వేలంలో మొదటి ధర, ఎంత పలికిందన్నది జిల్లా అంతా తెలిసిపోతుంది. తన బస్తాకు ఎంత రాశారన్నది రైతుకు మాత్రమే తెలుస్తుంది. తాలు ఎంత, తరుగు ఎంత, ఆడ్తికి (కమిషన్ ఏజెంటుకు) పోను చేతికొచ్చేది ఎంత అన్న లెక్క ఆ తర్వాత.

హార్వెస్టెల్లాలో ఇంటి ముందు ఒక పెట్టె ఉంటుంది. కోసిన పంట రాత్రిలోపు అందులో వేస్తే తెల్లారేసరికి డబ్బు వస్తుంది. పెట్టె తేమ చూడదు, బేరమాడదు. ఇలాంటి పెట్టె ఎనుమాములలో ఒకటి పెడితే బాగుండునని ఆడిన ప్రతి రైతుబిడ్డా ఒక్కసారైనా అనుకుంటాడు. ఆ ఊహలో హాయి ఉన్న మాట నిజమే. అలసిపోయి ఇంటికొచ్చినవాడు కాసేపు కుదురుగా ఉండే లోకంలో తిరగాలనుకోవడంలో తప్పేమీ లేదు. గేమ్ అంటే కాంటా దగ్గర మూడు రోజులు లైన్లో నిలబడడం కావాలని ఎవరూ కోరరు. ఆ హాయి స్టార్‌డ్యూకు సరిపోతుంది, అక్కడ లోకం కూలిపోవడం లేదు కనుక. హార్వెస్టెల్లా కథ మాత్రం లోకం కూలిపోతోందని అధ్యాయం అధ్యాయానికీ చెబుతుంది. పక్కనే చేను ఏమీ జరగనట్టు పండుతూ ఉంటుంది.

ఇంతకీ ఆ చేను దేనికి? జవాబు వంటింట్లో ఉంది. కోసిన కూరగాయలూ ధాన్యమూ వండితే ఆ తిండి పోరాటాల్లో ప్రాణం నిలబెడుతుంది, ఒంట్లో సత్తువ నింపుతుంది. గుహల్లో, శిథిలాల్లో రాక్షసులతో తలపడే రోజుకు ముందురాత్రి వంట చేసి మూట కట్టుకోవాలి. అంటే సేద్యం ఇక్కడ యుద్ధానికి నడిపే క్యాంటీన్. మొదటి రుతువులో ఇది బాగానే కుదురుతుంది. చేతిలో డబ్బు లేదు, విత్తనం కొనాలా ఆయుధం మెరుగుపరచాలా అన్న తికమక ఉంటుంది, రేపటి తిండికి ఇవాళ ఏం నాటాలో ఆలోచించాలి. ఆ కొద్ది గంటల్లో చేనుకూ కథకూ నిజమైన బంధం కనిపిస్తుంది. తర్వాత తర్వాత నీళ్లు చల్లే పరికరాలు వస్తాయి, సాయానికి ఫెయిరీలనే చిన్న దేవకన్యలు వస్తారు, చేను పెద్దదవుతుంది, డబ్బు నిలవవుతుంది. తీసుకోవాల్సిన నిర్ణయాలు మాత్రం ఒక్కొక్కటే రాలిపోతాయి. చేను పెరిగేకొద్దీ ఆలోచన తగ్గడం వ్యవసాయంలో ఎక్కడా జరగదు. ఐదెకరాల మిర్చి వేసినవాడికి ఎకరం వాడికంటే నిద్ర తక్కువ.

గడియారం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని బాగా వాడారు. చేనులో ఉన్నా గుహలో ఉన్నా గంటలు గడుస్తూనే ఉంటాయి. పొద్దున నీళ్లు పెట్టి, నడుచుకుంటూ వెళ్లి, సగం దారిలో వంతెన బాగుచేసి అడ్డదారి తెరుచుకునేసరికి చీకటి పడుతుంది. అర్ధరాత్రి దాటితే కుప్పకూలిపోతారు. క్రెస్ తెచ్చి వైద్యం చేసి ఫీజు తీసుకుంటుంది. ఒకే గుహను రెండు మూడు రోజులపాటు విడతలుగా గాలించాల్సి రావడం వల్ల ప్రయాణానికి ఒక బరువు వస్తుంది. ఇల్లు దూరమవుతోందన్న భావన కలుగుతుంది. ఆ ఇంటి దగ్గర ఎదురుచూసేది పంట అయితే ఇంకా బాగుండేది. ఎదురుచూసేది పని మాత్రమే. ఒక పట్టణం ఆపదలో ఉందని వార్త వచ్చిన పొద్దున ఆటగాడు క్యారెట్లకు నీళ్లు పోస్తూ కనిపించడం నవ్వు తెప్పించే దృశ్యం. గేమ్ మాత్రం దాన్ని నవ్వుగా తీసుకోదు.

కథ ఎందుకు నిలబడింది మరి? మొదటి కారణం, అది పెద్ద విపత్తును చిన్న మనుషుల ద్వారా చెప్పడం. ఒక్కో పట్టణానికి తన సొంత బాధ ఉంటుంది. పక్కదారి పనులుగా కనిపించేవాటిలో పోగొట్టుకున్న పిల్లల కోసం, మిగిలిపోయిన ముసలివాళ్ల కోసం తిరగాల్సి వస్తుంది. వెంట నడిచే స్నేహితులకు ఒక్కొక్కరికీ విడిగా కథ ఉంది, దాన్ని భాగాలు భాగాలుగా తెరుస్తూ పోవాలి. తొందరపడి ముఖ్యకథ వెంటే పరిగెత్తేవాళ్లకు ఇవి దొరకవు. రెండో కారణం గో షీనా సంగీతం. గాడ్ ఈటర్ గేమ్‌లకూ, డీమన్ స్లేయర్ యానిమేకూ సంగీతం ఇచ్చిన మనిషి ఇక్కడ కొన్ని చోట్ల మాటలకంటే ఎక్కువ పని చేశాడు.

మూడో కారణం మన ప్రాంతం వాళ్లకు ఎక్కువ తగులుతుంది. ఈ కథలో రుతువు దానంతటది వచ్చేది కాదు, ఎక్కడో ఉన్న ఒక వస్తువు నడిపితే వచ్చేది. ఆ వస్తువు మొరాయిస్తే జనం చేతిలో ఏమీ ఉండదు. యాసంగి వేసే రైతుకు ఇది కొత్త ఊహ కాదు. గోదావరి మీద శ్రీరాంసాగర్‌లో నీళ్లు ఎన్ని ఉన్నాయో, కాకతీయ కాలువకు ఎప్పుడు వదులుతారో, వంతుల వారీగా ఎన్ని రోజులు పారుతుందో తెలిస్తేనే నారు పోస్తారు. ఆకాశం వంక కాకుండా కాలువ వంక చూసి పంట నిర్ణయించుకునే కాలం ఇది. చివరి ఆయకట్టు రైతుకు వందల కిలోమీటర్ల అవతల ఎవరో గేటు తిప్పడమే రుతువు మారడం. ఇంకా వెనక్కి వెళ్తే కాకతీయులు 13వ శతాబ్దంలో తవ్వించిన పాకాల, రామప్ప చెరువులు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. అవి కట్టిన మనుషులు పోయారు, రాజ్యం పోయింది. తూము తెరిస్తే నీళ్లు వస్తున్నాయి, అంతే. ఎవరో ఎప్పుడో చేసిపెట్టిన ఏర్పాటు మీద తమ బతుకు ఆధారపడి ఉందని సీస్‌లైట్ల కింద బతికే జనం మెల్లగా తెలుసుకోవడం ఈ ఊళ్ల ఆటగాడికి వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది.

అలాంటి వస్తువును చేతిలో పెట్టుకుని కూడా గేమ్ దాన్ని చేనుదాకా తేలేదు. సీస్‌లైట్‌కు జబ్బు చేసినా, దాని చుట్టూ ఎంత గొడవ జరిగినా లీథీ చేనులో బకెట్ నీళ్లు ఎప్పట్లాగే దొరుకుతాయి.

సేద్యంలోని నష్టం కథలోకి నేరుగా వెళ్తే ఎలా ఉంటుందో చూడాలంటే మేడారం వైపు చూడొచ్చు. రెండేళ్లకోసారి జాతర జరిగే సమ్మక్క సారలమ్మల కథ ఎవరు చెప్పినా కరువు దగ్గరే మొదలవుతుంది. వానలు లేక పంటలు పోయాయి, కోయ దొరలు కాకతీయ రాజుకు కప్పం కట్టలేకపోయారు, సైన్యం వచ్చింది, యుద్ధం జరిగింది, సమ్మక్క కొడుకు జంపన్న పేరుతో సంపెంగ వాగు జంపన్న వాగు అయింది. ఈ కథలోంచి పంట నష్టాన్ని తీసేస్తే యుద్ధానికి కారణమే ఉండదు. పొలంలో ఏం జరిగిందో అదే రాజకీయం, అదే వీరగాథ. హార్వెస్టెల్లాలో ఆటగాడి పంట మొత్తం పోయినా, మొత్తం పండినా తర్వాతి అధ్యాయం అలాగే మొదలవుతుంది.

దీనికి తయారుచేసినవాళ్ల వైపు నుంచి సమాధానం ఉంది, అది కొట్టిపారేసేదీ కాదు. పదుల గంటలు సాగే రోల్ ప్లేయింగ్ గేమ్‌లో ఒక వడగండ్ల వానకు ఆటగాడు దివాలా తీస్తే, తిండి లేక పోరాటాల్లో ఓడితే, కథ అక్కడే ఆగిపోతుంది. చాలామంది అక్కడే గేమ్ మూసేస్తారు. అందుకే సేద్యం ఎప్పుడూ లాభమే ఇచ్చేలా కడతారు. అయితే నష్టం అంటే ఆట ఆగిపోవడం ఒక్కటే కాదు కదా. క్వయీటస్ తేదీ నెలకోలా అటూ ఇటూ జరిగి, కోయని పంట పోయి, ఆ నెల పక్కింటివాళ్ల దగ్గర గింజలు బదులు తీసుకోవాల్సి వచ్చి, ఆ బదులు తీర్చడంలోంచి ఒక స్నేహం పుట్టినా చాలు. చేనూ ఊరూ కలిసేవి. బదులు గింజలు తెచ్చుకోవడం, కూలికి బదులు కూలికి పోవడం పల్లెల్లో తరతరాలుగా నడిచినదే. లీథీ ఊరివాళ్లు ఆటగాడికి ఇల్లూ చేనూ ఇచ్చారు, ఆ తర్వాత ఆ చేను గురించి వాళ్లకూ ఆటగాడికీ మధ్య మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

దీనికి అటు చివర ఉండేది సకునా. ఎడెల్‌వైస్ అనే చిన్న జపాన్ బృందం 2020 నవంబర్‌లో విడుదల చేసిన ఈ గేమ్‌లో ఒకే ఒక్క మడి, ఒకే ఒక్క పంట, అది వరి. విత్తనం ఎంచుకోవడం దగ్గర్నుంచి నారు, నాట్లు, మడిలో నీటి మట్టం, కలుపు, కోత, నూర్పిడి, దంచడం దాకా ప్రతి మెట్టునూ చేత్తో చేయాలి. ఆ ఏడాది వడ్లు ఎలా వచ్చాయన్నదే నాయిక బలాన్ని తేలుస్తుంది. జపాన్‌లో ఆటగాళ్లు సలహాల కోసం వ్యవసాయ శాఖ వెబ్‌సైట్‌లో వరి సాగు పాఠాలు వెతికారన్నది అప్పట్లో బాగా చెప్పుకున్న ముచ్చట. దాని కథ మామూలుదే. అయినా మొదటి నాట్లు వంకరగా పడ్డ మడికీ, నాలుగో ఏడు కుదురుగా పడ్డ మడికీ ఉన్న తేడా చూస్తే ఏదో సాధించినట్టు ఉంటుంది. వరి నాట్లు వేసిన చేతులున్న ఇంట్లో ఈ గేమ్ ఆడితే వెనక నుంచి అమ్మో నానమ్మో నీళ్లు ఎక్కువయ్యాయని సరిదిద్దే అవకాశం ఉంది. హార్వెస్టెల్లా ఆడుతుంటే వాళ్లకు సరిదిద్దడానికి ఏమీ దొరకదు.

ఇక్కడి ఆటగాళ్లకు ఇంకో అడ్డంకి ఉంది. ఫార్మ్‌విల్ రోజుల నుంచి హే డే దాకా మన దగ్గర వ్యవసాయ గేమ్ అంటే ఫోన్‌లోనో ఫేస్‌బుక్‌లోనో ఉచితంగా దొరికేది. స్టార్‌డ్యూ కూడా ఫోన్‌లో ఆడొచ్చు. హార్వెస్టెల్లా అలా దొరకదు. పైగా దాని బలమంతా మాటల్లో ఉంది, ఆ మాటలు తెలుగులో లేవు. ఇంగ్లిష్‌లో పేజీలకు పేజీలు చదవగలిగే ఓపిక ఉన్నవాళ్లకే కథ అందుతుంది. ఓపిక లేక మాటలు దాటేసుకుంటూ పోయేవాళ్లకు మిగిలేది ఆ పలచని చేనే. అలా ఆడి, గేమ్ బాగాలేదని పక్కన పెట్టేసినవాళ్లను తప్పుపట్టలేం.

సేద్యం కోసం గేమ్ వెతుక్కునేవాళ్లకు సకునాయే సరైనది. హార్వెస్టెల్లాను కథ కోసమే కొనుక్కోవాలి. చేనులో వంటకు పనికొచ్చేవి, త్వరగా కోతకొచ్చేవి మాత్రం వేసుకుని, నీళ్లు చల్లే పరికరాలు దొరికిన వెంటనే పెట్టేసుకుంటే పొద్దుటి పని తగ్గుతుంది. అలా మిగిలిన గంటలను ముఖ్యకథకంటే ముందు స్నేహితుల కథలకు ఇవ్వడం మంచిది. ఆరియాదైతే అసలే వాయిదా వేయకూడదు.